గిన్నెలు ఎక్కడివక్కడే: ఒక ఫ్రీడమ్ కాలనీ సమాధుల తోటలో ప్రాజెక్టు డైరీ

జనవరి, రెండో శనివారం

డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. చర్చి దగ్గరికి చేరేసరికి ఎనిమిది దాటింది. తూర్పు టెక్సస్, పైన్ చెట్ల అడవి, ఎర్రమట్టి దారి. కారులో నేను, ఆఫీసులో నా పక్క సీటు కొలీగు, అతని చెల్లెలు. ఊరు వాళ్ళ ముత్తాతలది. అక్కడి పాత సమాధులన్నీ గుర్తించి, కొలిచి, పేర్లు రాసి పెట్టడమే మా పని. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. పాత సమాధుల మీది వస్తువులు ఎత్తుకెళ్ళి అమ్ముకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి, కుటుంబాలన్నీ కూర్చుని సరే అన్నాకే రాస్తాను.

ఇలాంటి ఊళ్ళని ఫ్రీడమ్ కాలనీలు అంటారు. 1865 జూన్ 19న, అమెరికా అంతర్యుద్ధం చివర, ఉత్తరాది సైన్యం జనరల్ గోర్డన్ గ్రేంజర్ టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసలందరూ విడుదలైనట్టు ఉత్తర్వు జారీ చేశాడు. ఆ తర్వాత కొన్ని నల్లజాతి కుటుంబాలు ఒకచోట చేరి, ఎవరూ కోరని వాగు పక్క నేలలు, ఇసుక నేలలు చూసుకుని స్థిరపడ్డాయి. కొందరు కొనుక్కున్నారు, కొందరు ఊరికే దున్నుకున్నారు. 1865కీ 1930కీ మధ్య టెక్సస్‌లో ఇలా 557 ఊళ్ళు పుట్టాయని టెక్సస్ ఫ్రీడమ్ కాలనీస్ ప్రాజెక్టు లెక్క. ఆండ్రియా రాబర్ట్స్ అనే పరిశోధకురాలు 2014లో దాన్ని మొదలుపెట్టారు. వీటిలో చాలా ఊళ్ళు మామూలు మ్యాపుల్లో కనిపించవు. టౌన్ ఆఫీసు లేదు, పోస్టాఫీసు మూతపడింది, బడి ఎప్పుడో పోయింది. మిగిలింది ఒక చర్చి, ఒక సమాధుల తోట, ఏడాదికోసారి అక్కడికి తిరిగొచ్చే మనుషులు.

నేను ఇర్వింగ్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాను. మన తెలుగువాళ్ళ ఇళ్ళు, గుడి, కిరాణా కొట్లు అన్నీ ఉన్న ఈ ఊళ్ళోనే బేర్ క్రీక్ అని పాత నల్లజాతి పేట ఒకటి ఉంది. దాని చరిత్ర చూపించడానికి జాకీ టౌన్‌సెల్ బేర్ క్రీక్ హెరిటేజ్ సెంటర్ అనే చిన్న మ్యూజియం కూడా ఉంది. ఆరేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. పోయినేడాది కొలీగు తన ఊరి హోమ్‌కమింగ్‌కి, అంటే ఊరు వదిలివెళ్ళినవాళ్ళంతా ఏడాదికోసారి కలిసే రోజుకి, పిలిస్తే వెళ్ళి, అక్కణ్ణుంచి తిరిగొచ్చిన వారం వెళ్ళాను.

ఈరోజు చేసిన పని: నడవడం, చూడడం, ఏదీ ముట్టుకోకపోవడం. తోట సుమారు రెండెకరాలు. సగం వరకే ఎవరో కోసి శుభ్రంగా ఉంచుతున్నారు, మిగతా సగాన్ని అడవి తినేసింది. చలికాలంలోనే మొదలుపెట్టడానికి కారణం అదే. ఆకు రాలిపోయి నేల కనిపిస్తుంది, పాములు బయటికి రావు. ఏప్రిల్ దాటితే ఆ సగంలో కాలు పెట్టలేం.

దారికి అడ్డంగా పక్క స్థలం వాళ్ళ గేటు ఉంది. తాళం వేసి ఉంది. టెక్సస్ చట్టం ప్రకారం, వేరే దారి లేని సమాధుల తోటకి వెళ్ళాలనుకునేవాళ్ళకి పక్క స్థలం యజమాని సబబైన వేళల్లో దారి ఇవ్వాలి. చర్చి పెద్దల్లో ఒకరైన డీకన్ గారు ఆ మాట ఎత్తకుండానే, "మా అమ్మ దగ్గరికి వెళ్ళాలండీ" అని ఫోన్ చేశారు. పావుగంటలో తాళంచెవి వచ్చింది.

జనవరి, నాలుగో శనివారం

కొలతలు. ఫోన్ జీపీఎస్‌ని నమ్ముకుంటే పైన్ చెట్ల కింద ఐదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఆ ఐదారు మీటర్లలో ఒక కుటుంబం మొత్తం పడుకుని ఉంటుంది. అందుకని టేపు. తోట ఇనుప గేటు స్తంభం ఒక గుర్తు, చర్చి ఆగ్నేయం మూల రాయి ఇంకో గుర్తు. ప్రతి సమాధికీ ఈ రెంటి నుంచి దూరం కొలిచి రాస్తే, రేపు జీపీఎస్ లేకపోయినా ఎవరైనా ఒక తాడుతో ఆ చోటు పట్టుకోగలరు.

ప్రతి సమాధికీ ఒక నంబరు, సన్న తీగకి కట్టిన చిన్న జెండా, ఐదు ఫొటోలు: నాలుగు వైపుల నుంచీ నాలుగు, పైనుంచి ఒకటి. స్ప్రెడ్‌షీటులో పేరుకి రెండు గడులు పెట్టాను. రాయి మీద ఉన్నట్టు ఒకటి, ఇంట్లోవాళ్ళు చెప్పినట్టు ఒకటి. ఈ రెండూ చాలాసార్లు కలవవు. రెండూ నిజమే. రాయి మీద పెట్టింది కాగితం పేరు, ఇంట్లో పిలిచింది ఇంకోటి. మన ఇళ్ళల్లో మాత్రం తాతల అసలు పేర్లు ఎంతమందికి తెలుసు?

సాయంత్రానికి 61 జెండాలు. ఐదు సెట్ల ఫొటోలు మసకగా వచ్చాయి, మళ్ళీ తీయాలి.

ఫిబ్రవరి, రెండో శనివారం

పూలు దారి చూపించాయి. ఫిబ్రవరిలో ఇక్కడ జాంక్విల్స్ అనే పసుపు పూలు పూస్తాయి. అడవి తినేసిన సగంలో, ముళ్ళపొదల మధ్య అవి వరసలు కట్టి కనిపించాయి. అడవిలో పువ్వు దానంతటది వరసలో పూయదు. ఎవరో తమవాళ్ళ తలవైపు నాటారు. ఆ వరస వెంబడి వెళ్తే నేలలో పొడుగ్గా, తూర్పు పడమరలుగా, అరడుగు లోతున గుంటలు. పెట్టె కుళ్ళి మట్టి దిగితే అలా అవుతుంది. కొన్నిచోట్ల కత్తుల్లాంటి ఆకులున్న యక్కా మొక్క, కొన్నిచోట్ల నేలంతా పాకిన పెరివింకిల్ తీగ. రాయి కొనే స్తోమత లేనప్పుడు మొక్కే రాయి. ఈ ఒక్కరోజే 38 జెండాలు.

రాళ్ళున్నచోట కూడా అన్నీ ఒకటి కావు. లిటిల్ రాక్‌లో 1880లలో పుట్టిన మొజాయిక్ టెంప్లర్స్ సంఘం పేరు చెక్కిన పాలరాయి ఒకటి ఉంది. సభ్యులు చందా కడితే, చనిపోయినప్పుడు సంఘమే రాయి పెట్టించేది. తెల్లవాళ్ళ ఇన్సూరెన్సు కంపెనీలు చాలావరకు నల్లవాళ్ళని దగ్గరికి రానివ్వని రోజుల్లో ఇలాంటి సంఘాలే దిక్కు. ఇంకొన్నిచోట్ల అంత్యక్రియల కంపెనీ పాతిన చిన్న రేకు గుర్తులు ఉన్నాయి. అద్దం వెనక ఒకప్పుడు పేరు రాసిన కాగితం ఉండేది. ఇప్పుడు అద్దం ఉంది, కాగితం ఉంది, పేరు లేదు.

74వ నంబరు దగ్గర గంటసేపు కూర్చున్నాను. అది ఇంట్లో పోసిన సిమెంటు పలక. ఎత్తు రెండడుగులు కూడా ఉండదు. సిమెంటు పచ్చిగా ఉండగా మేకుతోనో పుల్లతోనో అక్షరాలు గీశారు. మధ్యాహ్నం వెలుగులో ఏమీ కనిపించలేదు. కొలీగు చెల్లెలు ఇంటి నుంచి తెచ్చిన నిలువు అద్దం పట్టుకుని, ఎండని పక్కనుంచి పలక మీదికి వాల్చింది. గీతల్లో నీడ పడి ఒక్కసారిగా మాటలు లేచాయి. 'పుట్టిన' అనడానికి రాసిన ఇంగ్లీషు మాటలో చివరి ఎన్ అక్షరం తిరగబడి ఉంది. పేరు రాయడం మొదలుపెట్టి చోటు చాలక, చివరి రెండక్షరాలు చిన్నవిగా కింద ఇరికించారు. 1931. అన్నిటికంటే కింద ఎడమ మూల నాలుగు చిన్న గుంటలు, పక్కన ఒకటి. వేళ్ళ గుర్తులు. చిన్న చెయ్యి. సిమెంటు ఆరకముందు ఒక పిల్లో పిల్లాడో ఆనించి తీసిన చెయ్యి.

రసాయనాలేవీ వాడలేదు. బ్లీచ్ పోస్తే రాయిలోకి ఉప్పు దిగి లోపల్నుంచి పగులుతుంది. ఇనప బ్రష్ అక్షరాన్నే అరగదీస్తుంది. చాక్‌పీసు రుద్దడం, పిండి చల్లడం కూడా మానుకోవాలి. మంచినీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్, వెదురు పుల్ల, అంతే. ఈ పలక పెళుసుగా ఉంది కాబట్టి నీళ్ళు కూడా పోయలేదు.

ఫిబ్రవరి, నాలుగో శనివారం

ఇవాళ తప్పు జరిగింది. నావల్లే జరిగింది.

ఇర్వింగ్ నుంచి మన తెలుగు స్నేహితులు పదిమంది సాయానికి వచ్చారు. పిల్లల్ని కూడా తెచ్చారు. చేతులకి గ్లౌజులు, పెద్ద పెద్ద చెత్త సంచులు. అందరికీ పని పంచుతూ నేనే అన్నాను, "విరిగిన గాజు, ప్లాస్టిక్, చెత్త ఏరి సంచుల్లో వేయండి, సమాధుల మీద అడుగు పెట్టకండి" అని. ఎంతో శ్రద్ధగా చేశారు. పదకొండింటికల్లా రెండు సంచులు నిండాయి.

పన్నెండింటికి మదర్ వచ్చారు. ఊళ్ళో అందరూ ఆవిడని మదర్ అనే పిలుస్తారు. బాప్టిస్టు చర్చిలో పెద్ద ముత్తైదువ స్థానం లాంటిది అది, గౌరవంగా పిలిచే పిలుపు. ఎనభై ఎనిమిదేళ్ళు. వాకర్ పట్టుకుని గేటు దాకా వచ్చి, మూతి కట్టని సంచిలోకి చూసి ఆగిపోయారు. చెయ్యి పెట్టి అడుగున రంధ్రం ఉన్న తెల్ల పింగాణీ గిన్నె బయటికి తీశారు.

"ఇది ఎక్కడ దొరికింది బిడ్డా?"

నాకు తెలియదు. ఏరినవాళ్ళకీ గుర్తులేదు.

"ఇది చెత్త కాదు. మా అత్త గంజి తాగే గిన్నె లాంటిది. మనిషి ఆఖరున ముట్టుకున్న వస్తువు ఆ మనిషి మీద పెడతాం. పగలగొట్టి పెడతాం. పగలగొట్టకపోతే ఇంట్లోంచి ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోతారని, గొలుసు తెగాలని మా అమ్మ చెప్పేది."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంచెం తేలికయ్యేదేమో. సంచులు రెండూ దుప్పటి మీద కుమ్మరించి అందరం కూర్చున్నాం. నిజంగా చెత్త అయినది, శీతల పానీయాల డబ్బాలు, చిప్స్ కవర్లు పక్కకి పోను 14 వస్తువులు తేలాయి. మూడు గిన్నెలు, నాలుగు గవ్వలు, మందు పోసుకునే నీలం సీసాలు రెండు, ఒక కప్పు, గడియారం ముఖం, కాళ్ళు విరిగిన పింగాణీ కోడి, సబ్బు పెట్టుకునే చిప్ప, కిరసనాయిలు దీపం గాజు బుడ్డి.

పిల్లల్లో ఒకడు ఏడ్చాడు. మదర్ వాడిని దగ్గరికి పిలిచి గవ్వ చేతిలో పెట్టారు. "నువ్వు పోగొట్టలేదు నాన్నా, దాచావు" అన్నారు.

మార్చి, మొదటి శనివారం

వారమంతా రాత్రిళ్ళు జనవరి ఫొటోలు చూశాను. సమాధికి ఐదు చొప్పున తీసినవి. ఫొటోలో ఆకుల కింద తెల్లగా మెరిసే అంచు కనిపిస్తే పెద్దది చేసి, అంచు పగులు ఆకారం గిన్నెతో పోల్చి చూశాను. మొదటి రాత్రి రెండు దొరికాయి. వారాంతానికి తొమ్మిది. మిగతా ఐదు, అంటే రెండు గవ్వలు, ఒక సీసా, సబ్బు చిప్ప, దీపం బుడ్డి, ఏ ఫొటోలోనూ లేవు. ఫొటోలు తీయకముందే ఆకుల కింద మట్టిలో ఉన్నవై ఉంటాయి.

తొమ్మిదింటినీ మదర్ కూర్చుని చూస్తుండగా ఒక్కొక్కటే వెనక్కి పెట్టాం. గిన్నె బోర్లా పెట్టాలి. నాకు తెలియక వెల్లకిలా పెట్టబోతే ఆవిడే చెప్పారు. మిగతా ఐదూ మెత్తటి గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, చర్చి బీరువాలో ఉంచాం. స్ప్రెడ్‌షీటులో 'సమాధి మీది వస్తువులు' అని కొత్త గడి పెట్టాను. మొదటిరోజే ఉండాల్సిన గడి.

మదర్ అడిగారు, "మీ దేశంలో పోయినవాళ్ళకి ఏం పెడతారు?"

మాది కరీంనగర్ వైపు పల్లె. పెత్రమాస నాడు పెద్దలకి వండి పెడతాం, నానమ్మకి ఇష్టమని చింతచిగురు పప్పు తప్పకుండా చేస్తాం అని చెప్పాను. "గిన్నె పగలగొట్టరా?" అన్నారు. మా దగ్గర కుండ పగలగొడతారు, కాటికి తీసుకెళ్ళేటప్పుడు. ఆవిడ చాలాసేపు తల ఊపుతూ ఉన్నారు.

ఏప్రిల్

అడవి చిగురించింది. బయటి పని తగ్గించి కాగితాల్లోకి దిగాం. ఇక్కడ ఎవరికైనా మొదట తగిలే గోడ 1870. ఆ ఏడాది జనాభా లెక్కల్లోనే విడుదలైన బానిసల పేర్లు మొదటిసారి అందరి పేర్లతో పాటు రాశారు. దానికి ముందు 1850లో, 1860లో బానిసల కోసం వేరే పట్టిక ఉండేది. యజమాని పేరు, దాని కింద వయసు, ఆడా మగా, రంగు. పేరుకి గడి లేదు. ఒక పేజీలో 11 గీతలు చూశాను. చివరి గీత ఎదురుగా వయసు 'ఒకటి' అని ఉంది. ఏడాది బిడ్డ.

1870 పట్టికలో ఊరి కుటుంబం ఒకటి దొరికింది. వయసులు ఆ 11 గీతల్లో నాలుగింటికి దగ్గరగా ఉన్నాయి. కొలీగు ఎగిరి గంతేశాడు. నేను ఆపాను. వయసులు కలిసినంత మాత్రాన ఆ మనుషులే అని రాసేస్తే, రేపు మనవళ్ళు దాన్నే పట్టుకుంటారు. 'కావచ్చు' అని రాశాం. 1870 పట్టికలో ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా ఉండదు, ఆ వివరం 1880లోనే మొదలైంది. 1890 పట్టిక అడుగుదాం అంటే అది 1921 మంటల్లో దాదాపు మొత్తం పోయింది. మధ్యలో ఇరవై ఏళ్ళు చీకటి.

కొంచెం వెలుగు ఇంకోచోట నుంచి వచ్చింది. 1867లో టెక్సస్‌లో ఓటర్ల నమోదు జరిగింది. విడుదలైన మగవాళ్ళు మొదటిసారి ఓటరుగా పేరు రాయించుకున్నారు. ఆ జాబితాలో పుట్టిన చోటు, రాష్ట్రానికి వచ్చి ఎన్నేళ్ళయింది అనే గడులు ఉన్నాయి. ఊరి మొదటి డీకన్ పేరు అందులో ఉంది. మిసిసిపీలో పుట్టాడు, టెక్సస్‌కి వచ్చి నాలుగేళ్ళు. అంటే 1863. అంతర్యుద్ధం మధ్యలో, ఉత్తరాది సైన్యం మిసిసిపీలో ముందుకొస్తుంటే, యజమానులు బానిసల్ని తోలుకుని టెక్సస్‌కి పారిపోయి వచ్చిన సంవత్సరాలవి. ఆ ఒక్క అంకె ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్న మాటని నిలబెట్టింది: "తాతని రాత్రిపూట బండి వెనక నడిపించి తెచ్చారు." రెండూ పక్కపక్కనే రాశాం, ఏది ఎక్కడిదో చెప్తూ.

కౌంటీ ఆఫీసులో పాత భూమి దస్తావేజులు కూడా చూశాం. చర్చికి ఒక ఎకరం. సంతకాల చోట నాలుగు ఇంటూ గుర్తులు, ప్రతి గుర్తు పక్కనా గుమాస్తా రాసిన పేరు. ఒకే మనిషి ఇంటిపేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది.

భూమి ఎలా పోయిందో కూడా అక్కడే కనిపిస్తుంది. వీలునామా రాయలేదు, భూమి ఉమ్మడిగానే ఉండిపోయింది. మూడు తరాలయ్యేసరికి వారసులు యాభై మంది, సగం మంది షికాగో, లాస్ ఏంజిలస్ వెళ్ళిపోయారు. బయటివాడు ఒక్క వారసుడి వాటా కొని, పంపకం చేయమని కోర్టుకెళ్ళేవాడు. కోర్టు మొత్తం వేలం వేసేది. వేలంలో కొనేది ఆ బయటివాడే. ఉమ్మడి వారసులకి కొంత రక్షణ ఇచ్చే చట్టం టెక్సస్‌లో 2017లోగానీ రాలేదు. పంపకాల గొడవల్లో మునిగి తేలిన కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి, ఈ పేజీలు చదువుతుంటే కడుపులో తిప్పింది.

మే, మూడో ఆదివారం

బడి. చర్చికి అర మైలు దూరంలో, ఇప్పుడు ఎవరిదో గడ్డి మోపుల కొట్టం. యజమాని లోపలికి రానిచ్చారు.

ఇది రోజెన్‌వాల్డ్ బడి. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ ఆలోచనకి సియర్స్ అనే పెద్ద వ్యాపార కంపెనీ అధినేత జూలియస్ రోజెన్‌వాల్డ్ డబ్బు తోడై, 1932 నాటికి దక్షిణాదిలో 15 రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకి 4,977 బళ్ళు కట్టారు. బళ్ళు, టీచర్ల ఇళ్ళు, వర్క్‌షాపులు కలిపి టెక్సస్‌లో 527 కట్టడాలు. అయితే డబ్బంతా ఆయన ఇచ్చింది కాదు. ఊరివాళ్ళు తమ వంతు వేసుకుంటేనే నిధి వచ్చేది. పన్నులు అందరిలాగే కట్టి, తమ పిల్లల బడి కోసం మళ్ళీ చందాలు, కలప, కూలి ఇచ్చారు. అందుకే దీన్ని ఊరి బడి అనడమే నాకు సరైనదనిపిస్తుంది. ఈ బళ్ళ ఫొటోలు, లెక్కల కార్డులు ఫిస్క్ యూనివర్సిటీ దగ్గర ఉన్నాయి.

కరెంటు లేని రోజుల బడి. అందుకే కిటికీలు ఒకే వైపు ఆనుకుని, ఎత్తుగా, బారుగా ఉంటాయి. వెలుగు పిల్లల ఎడమ చేతి వైపు నుంచి పడాలి. రాసే కుడిచెయ్యి నీడ కాగితం మీద పడకూడదని. గడ్డి మోపులు జరిపి చూస్తే నేల చెక్కల మీద జంటజంటగా మేకు రంధ్రాలు కనిపించాయి, బల్లలు బిగించిన చోట్లు. ఒక వరసలో మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. నిజంగానే వెలుగు ఎడమవైపు నుంచే వస్తోంది.

మదర్ కారులోనే కూర్చుని అద్దం దించి చెప్పారు. రెండు గదుల మధ్య మడతల చెక్కగోడ ఉండేదట. బడి ముగింపు రోజున అది మడిచేసి ఊరంతా ఒకే గదిలో కూర్చునేవారట. "గోడ తీసిన చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది" అన్నారు. రికార్డు చేశాం. రెండు రికార్డర్లతో. ఒక కాపీ ఆవిడ మనవరాలికి ఇచ్చాం. ఆ రికార్డింగు మాది కాదు, వాళ్ళది. ఎవరికి వినిపించాలో వాళ్ళే చెప్తారని కాగితం రాసుకున్నాం.

జూన్, జూన్‌టీన్త్ (జూన్ 19 విడుదల పండగ) శనివారం

హోమ్‌కమింగ్. హ్యూస్టన్, ఓక్లాండ్, డెట్రాయిట్ నుంచి కూడా వచ్చారు. చర్చి వెనక పొగ, బార్బెక్యూ, ఎర్ర రంగు సోడా, పుచ్చకాయలు. మా పని మొత్తం మూడు బల్లల మీద పరిచాం. తోట మ్యాపు ఆరడుగుల కాగితం మీద. 212 చుక్కలు. పేరు తెలిసినవి నల్లగా, తెలియనివి ఖాళీ గుండ్రాలుగా. పొద్దున 96 ఖాళీ. పెన్సిళ్ళు కట్టి వేలాడదీశాం, తెలిసినవాళ్ళు రాయండి అని. సాయంత్రానికి 71 ఖాళీ. ఒక గుండ్రం దగ్గర అన్నదమ్ములిద్దరూ పోట్లాడుకున్నారు, అది పెద్దమ్మదా చిన్నమ్మదా అని. ఇద్దరి మాటా రాసి పెట్టాం.

74వ పలక ఫొటో ముందు ఓక్లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిలబడ్డారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే తన ఎడమచెయ్యి ఫొటోలోని వేళ్ళ గుంటల మీద ఆనించి చూసుకున్నారు. ఆ చెయ్యి ఆయన అక్కదట. సిమెంటు కలిపింది నాన్నట. ఆయన అప్పటికి పుట్టలేదు, అక్క చెప్పగా విన్నారు. "ఇంకా ఉందా?" అని మూడుసార్లు అడిగారు. తీసుకెళ్ళి చూపించాం.

అట్టపెట్టెలోని ఐదు వస్తువులూ చివరి బల్ల మీద పెట్టాం, ఎలా కలిసిపోయాయో నిజం రాసి. చాలామంది చూశారు, కొందరు ముట్టుకున్నారు. సాయంత్రం వంటపాత్రలు సర్దుతున్న ఒకావిడ చేతులు తుడుచుకుని వచ్చి దీపం బుడ్డిని ఎత్తి, అడుగున వేలితో తడిమి చూశారు. అక్కడ చిన్న పెచ్చు ఊడి ఉంది, మేం గమనించలేదు. తన చిన్నతనంలో తానే కింద పడేసి దెబ్బలు తిన్నదట. వాళ్ళ నానమ్మ సమాధి 118. బుడ్డిని తానే రెండు చేతులతో పట్టుకెళ్ళి, బోర్లా పెట్టి వచ్చారు.

జులై, మొదటి వారం

ఎండ నలభై దాటుతోంది, తోటలోకి వెళ్ళడం లేదు. రాత్రిళ్ళు రికార్డింగులు విని రాసుకుంటున్నాను. మదర్ మాటలు గంటంబావు ఉన్నాయి, 22 నిమిషాలు అయ్యాయి. చర్చి బీరువాలో ఇంకా రెండు గవ్వలు, ఒక నీలం సీసా, ఒక సబ్బు చిప్ప ఉన్నాయి. వాటి ఫొటోలు డెట్రాయిట్ వాళ్ళకి పంపాను. అక్కడ తొంభై నాలుగేళ్ళ ఆవిడ ఒకరున్నారట, కంటిచూపు తక్కువ, చేత్తో తడిమితే చెప్పగలనన్నారట. సెప్టెంబరులో కొలీగు అటు వెళ్తున్నాడు. పెట్టె అతనితో పంపాలా, ఊరి గడప దాటించకూడదా అని మదర్‌ని అడిగాను. ఆదివారం చర్చిలో అందరినీ అడిగి చెప్తానన్నారు.